కొత్త పాటలు వినబడకపోవడం వయసు వల్లనేనా?

ప్రశ్న (చర్చి సంఘ కాపరి, విజయనగరం): మా యువకులు కీబోర్డుతో, డ్రమ్ ప్యాడ్లతో పాడే కొత్త పాటలు బాగున్నాయని తోస్తూనే ఉన్నా, అరవై దాటిన ఈ వయసులో వాటి మాటలు నా చెవికి అందడం లేదు. కీర్తనల పుస్తకంలో పాట పైన అచ్చువేసిన రాగం, తాళం చూసుకొని హార్మోనియం పక్కన పాడిన అలవాటు నాది. లోపం పాటలదా, నాదా?

జవాబు (చెవి వైద్యుడు, శ్రీకాకుళం): అయ్యగారూ, కొంత వయసుదే. వయసుతో వచ్చే వినికిడి లోపం సాధారణంగా హెచ్చు శ్రుతి (కీచు) ధ్వనులతో మొదలవుతుంది కనుక, స, ష వంటి హల్లులు ముందుగా జారిపోయి, శబ్దం వినిపిస్తున్నా మాట తెలియదు. స్పీకరు పక్కన కూర్చోవడం మాని, ఒకసారి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించుకోండి.

జవాబు (పాటల బృందం సభ్యురాలు, బొబ్బిలి): తప్పంతా చెవులది కాదండి. మా కుర్రాళ్లు డ్రమ్ముల శబ్దాన్ని గొంతుకంటే పైన పెడతారు. తగ్గించమంటే తగ్గిస్తారు, అడిగే పెద్దలే లేరు. 1803లో పుట్టిన తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి గారు కర్ణాటక రాగాల్లో కట్టిన కీర్తనలు కూడా, దొరల (పాశ్చాత్య) బాణీలకు అలవాటుపడిన చెవులకు ఆనాడు కొత్తగానే తోచి ఉంటాయి.

సంఘ కాపరి: పరీక్ష చేయించుకుంటాను, శబ్దం తగ్గించమనీ అడుగుతాను. మొన్నటి పాటలో మాత్రం మోహన రాగపు ఛాయ స్పష్టంగా వినబడింది. కట్టిన కుర్రవాడికి ఆ రాగం పేరైనా తెలియదట.