సువేగా తీసుకోవాలా, టీవీఎస్ 50తో మొదలుపెట్టాలా?

పాతబండి_నాచారం:
నమస్తే. చిన్న టూ స్ట్రోక్ బళ్లు పోగెయ్యాలని ఎప్పట్నుంచో ఉంది, ఇంట్లో ఇప్పటికి ఒప్పుకున్నారు, అదీ ఒక్క బండికే, పార్కింగ్‌లో ఓ మూల. రెండు మోపెడ్లు (పెడళ్లుండే చిన్న బళ్లు) చూశాను. మల్కాజిగిరిలో టీవీఎస్ 50, స్టార్ట్ అవుతుంది, ఆర్సీ ఉంది, కానీ పొగ బాగా వదులుతోంది. రెండోది సువేగా, ఉప్పల్‌లో పాత ఇనప సామాన్ల కొట్లో పడి ఉంది. ఇంజన్ జామ్, కాగితాల్లేవు, కానీ ట్యాంకు, పెడళ్లు, లైటు అన్నీ ఒరిజినలే. మనసు దాని మీదే ఉంది. 50 సీసీ లోపు బండికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని కొట్టాయన అంటున్నాడు, నిజమేనా? స్పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

టూస్ట్రోక్_బాబాయ్:
అమ్ముకోవడానికి చెప్పే మాట అది. పెట్రోలు ఇంజన్ ఉన్న మోపెడ్‌కి ఆర్సీ ఉండాల్సిందే. గేర్లు లేని 50 సీసీ బండికి 16 ఏళ్లకే లైసెన్స్ ఇస్తారు కదా, ఆ రూలుని ఇక్కడికి తెచ్చి అతికిస్తారు. కాగితాల్లేని బండి దొంగబండి కాదని రేపు పోలీసులకి ఎలా చెప్తావు బాబూ? ఆర్సీ ఉన్న బండికైనా 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది. పాత పుస్తకం ఆర్సీలు కొన్ని ఇంకా ఆన్‌లైన్‌లోకి ఎక్కలేదు, డబ్బులిచ్చే ముందే నంబరు కొట్టి చూసుకో. టీవీఎస్ తీసుకో.

కిక్‌రాడ్:
బాబాయ్, 50 ఏళ్లు దాటిన పాతకాలపు బళ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది కదా, 2021లో వచ్చింది?

టూస్ట్రోక్_బాబాయ్:
ఉంది. ఫీజు 20,000, పదేళ్లకి. రోజూ తిప్పడానికి వీల్లేదు, పైగా ఇక్కడి బండికైతే పాత ఆర్సీ అడుగుతారు. మళ్లీ అక్కడికే వచ్చాం.

అలిపిరి_మోపెడ్:
రోడ్డెక్కించేవాళ్లకి బాబాయ్ మాటే కరెక్టు. కానీ సువేగాని ఇనుము కింద కరిగించేస్తారంటే నాకు కడుపు రగులుతుంది. అది మా తిరుపతిలో తయారైన బండి, మోపెడ్స్ ఇండియా వాళ్లు ఫ్రాన్స్‌లోని మోటోబెకాన్ లైసెన్స్‌తో చేసేవారు. లూనాలు, టీవీఎస్‌లు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి, ఇది కనపడటమే గగనం. కొట్టాయన ఎక్కడ కొన్నాడో కనుక్కుంటే పాత ఓనరు దొరకొచ్చు, అప్పుడు కాగితాల సంగతి తేలుతుంది. జామ్ అయిందని మాత్రం పెడల్ మీద నిలబడి తొక్కొద్దు. ప్లగ్ తీసి కాస్త డీజిల్ పోసి రెండు మూడు రోజులు వదిలెయ్, తర్వాత మ్యాగ్నెట్ (ఇంజన్ పక్కన తిరిగే చక్రం) చేత్తో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదుపు. సైలెన్సర్ విప్పి ఆ రంధ్రంలోంచి టార్చి వేస్తే పిస్టన్ మీద గీతలు కనపడతాయి, లోతుగా ఉంటే సిలిండర్ బోరు కొట్టించాల్సిందే, అంటే లోపల కాస్త వెడల్పు చేయించాలి, ఓవర్‌సైజ్ పిస్టన్ చేతిలో ఉంటేనే లేత్ షాపుకి వెళ్లు.

కిక్‌రాడ్:
టీవీఎస్ పొగ గురించి ఎవరూ చెప్పలేదే. టూ స్ట్రోక్ బండికి పెట్రోల్లోనే ఆయిల్ కలుపుతారు కదా, చాలాసార్లు అది ఎక్కువ పోయడమే కారణం. లీటరు పెట్రోలుకి 20 మి.లీ. అంటే 1:50, 40 అంటే 1:25, బండి పుస్తకంలో ఏది రాస్తే అది, చాలామంది అందాజాగా పోసేస్తారు. సైలెన్సర్‌లో పేరుకున్న కార్బన్ కూడా తీయించు. అసలు భయపడాల్సింది పొగకి కాదు, యాక్సిలరేటర్ వదిలినా రేసింగ్ తగ్గకపోతే భయపడాలి. కేబుల్ పట్టేయలేదంటే క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) ఆయిల్ సీల్ పోయి గాలి లాగుతోందన్నమాట, అలాగే తిప్పితే పిస్టన్ పట్టేస్తుంది. ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత రబ్బరు పైపులు, కార్బ్యురేటర్ వాషర్లు ఉబ్బుతాయి, మార్చేయ్. నడపనప్పుడు ట్యాంకు ఖాళీ చేసి పెట్టు. టీవీఎస్ స్పేర్లకి పుత్లీబౌలి, రాణిగంజ్ చాలు. సువేగాకైతే గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత, ఆపైన నీ అదృష్టం.

పాతబండి_నాచారం:
థాంక్స్ అందరికీ. టీవీఎస్‌కి అడ్వాన్స్ ఇస్తున్నా. సువేగా పాత ఓనరు ఎవరో కొట్టాయన్ని అడుగుతా, దొరికితే ఇంట్లో మళ్లీ గొడవ పెట్టుకోవాలి.

టూస్ట్రోక్_బాబాయ్:
అడ్వాన్స్ ఇచ్చే ముందు టీవీఎస్ ఆర్సీలో ఉన్న పేరాయన బతికే ఉన్నాడా కనుక్కో. లేకపోతే వారసులందరి సంతకాల కోసం తిరగాలి.