కుమాసిలో ఒక్క రోజు: రాజభవన మ్యూజియం ముందా, కెంటే మగ్గాల ఊరు ముందా?

పడుగుపేక (బండారులంక):
నమస్కారమండి. మాది అమలాపురం పక్కన బండారులంక, మూడు తరాలుగా మగ్గాన్నే నమ్ముకున్న ఇల్లు. మా అన్నయ్య ఘానాలోని తెమా రేవులో ఉద్యోగం చేస్తున్నారు. సంక్రాంతి వెళ్లాక నన్నూ నాన్నగారినీ రమ్మంటున్నారు. అసాంటే రాజుల రాజధాని కుమాసిలో మాకు దొరికేది ఒక్క రోజే. మాన్‌హియా రాజభవన మ్యూజియం చూడాలని నాకూ, అక్కడి చేనేత వస్త్రం కెంటే నేసే బొన్‌విరె అనే ఊరు చూడాలని నాన్నగారికీ ఉంది. అద్దాల బీరువాలో గుడ్డను చూస్తే ఏం తెలుస్తుంది, మగ్గం చూడాలి గానీ అని ఆయన వాదన. రెండూ కుదురుతాయా? కుదిరితే ఏది ముందు? అందరూ చెప్పుకునే బంగారు పీఠం ఆ మ్యూజియంలోనే ఉంటుందా?

రేవుగాలి (కాకినాడ):
రెండూ కుదురుతాయండి, బొన్‌విరె కుమాసికి 20 కిలోమీటర్ల లోపే. పీఠం మాత్రం మ్యూజియంలో కనబడదు. అది తమ జాతి ప్రాణమని అసాంటేల నమ్మకం కనుక రాజు కూడా దాని మీద కూర్చోడు. 1900లో హాడ్జ్‌సన్ అనే ఇంగ్లీషు గవర్నరు తాను కూర్చోవడానికి దాన్ని తెచ్చి ఇమ్మన్నాడు. ఎజిసు అనే ఊరి రాజమాత యా అసాంటెవా యుద్ధానికి దిగింది. ఆమెను బంధించి సీషెల్స్ దీవులకు పంపారు, అక్కడే 1921లో కన్నుమూసింది.

నా మట్టుకు నాకు బీరువాల కన్నా మ్యూజియం ఉన్న ఆ ఇంటి కథే ఎక్కువ నచ్చింది. 1896లో ఇంగ్లీషువాళ్లు పట్టుకుపోయిన మొదటి ప్రెంపే రాజు 1924లో తిరిగి వచ్చాక, ఆయన ఉండడానికి వాళ్లే 1925లో ఈ మేడ కట్టించారు. అసాంటేలు దాన్ని ఉచితంగా తీసుకోవడానికి ఒప్పుకోక, చందాలు పోగుచేసి ఖరీదు చెల్లించిన తరువాతే రాజు అందులో అడుగుపెట్టారని అక్కడ చెబుతారు. ధవళేశ్వరంలో కాటన్ దొర మ్యూజియం చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి ఈ మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. 1995 నుంచి ఆ ఇల్లే మ్యూజియం. రాజుల, రాజమాతల నిలువెత్తు బొమ్మలు గదుల్లో కూర్చోబెట్టారు. పెరట్లో నెమళ్లు తిరుగుతుంటాయి. నేను వెళ్లినప్పుడు లోపల ఫొటోలు తీయనివ్వలేదు. ఆరు వారాలకొకసారి ఆదివారం నాడు వచ్చే అక్వాసిదే పండుగకు రాజు బంగారు ఆభరణాలతో కొలువు తీరతారు. ఆ తేదీ కలిసివస్తే వదులుకోకండి.

జాందానీ (ఉప్పాడ):
నాన్నగారి పక్షమే నాది. పొద్దున్నే బొన్‌విరె వెళ్లండి. మనం పడుగును దూలానికి చుట్టుకుంటాం కదా. వాళ్లు మగ్గం ముందు నేల మీద బారుగా సాగదీసి, కొసను ఒక బరువురాయికి కడతారు. నేసిన కొద్దీ ఆ రాయి మట్టిలో గీత గీసుకుంటూ నేతగాడి వైపు జరిగి వస్తుంది. కాలివేళ్ల మధ్య తాళ్లు పట్టుకుని పడుగును విడదీస్తూ, చేత్తో నాడె విసురుతారు. గుడ్డ బెత్తెడు వెడల్పే వస్తుంది; అలాంటి పట్టీలు ఇరవైకి పైగా పక్కపక్కన కుడితే గానీ మగవాళ్లు కప్పుకునే వస్త్రం కాదు. సంప్రదాయంగా నేసేది మగవాళ్లే. కెంటే నేతను 2024లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

ఒక హెచ్చరిక. కుమాసిలో ఒక దుకాణంలో కెంటే అంటే నమ్మి నేను కొన్నది అచ్చు వేసిన మిల్లు గుడ్డ. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మగ్గం మీద కూర్చున్నవాణ్ణి, తిరగేసి చూడకుండా డబ్బిచ్చాను! వెనకవైపు రంగు వెలిసినట్టుంటే, పట్టీల మధ్య కుట్టు లేకపోతే కొనకండి.

గురివింద (రాజమహేంద్రవరం):
మాది కంసాలి ఇల్లు. మన తాతలు గురివింద గింజలతో తూచినట్టే, బంగారపు పొడే డబ్బుగా చెలామణి అయిన రోజుల్లో అసాంటేలు చిన్న చిన్న ఇత్తడి బొమ్మలతో తూచేవారు. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోసేవారు. పక్షి, మొసలి, ఒక్కొక్క బొమ్మ వెనక ఒక్కొక్క సామెత. వెనక్కి తిరిగి చూసే సంకోఫా పక్షిని తప్పక వెతకండి.

1874లో ఇంగ్లీషు సేన కుమాసిని తగలబెట్టి రాజుగారి సొత్తు దోచుకుంది. ఆ సొత్తుతో సహా 32 వస్తువులను లండన్‌లోని రెండు మ్యూజియాలు 2024లో మాన్‌హియాకు పంపాయి, అదీ మూడేళ్ల గడువుతో అప్పుగా. ఎవరి సొత్తు ఎవరికి అప్పండి? అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌లోని ఫౌలర్ మ్యూజియం ఏడు వస్తువులను పూర్తిగా తిరిగి ఇచ్చేసింది. లండన్ వస్తువులు ఇంకా అక్కడే ఉన్నాయో లేదో కనుక్కుని బయలుదేరండి.

పడుగుపేక (బండారులంక):
అందరికీ కృతజ్ఞతలు. పొద్దున బొన్‌విరె, మధ్యాహ్నం మాన్‌హియా అని నిశ్చయించుకున్నాం. ఇదంతా నాన్నగారికి చదివి వినిపిస్తే పీఠం సంగతి, అప్పు సంగతి మౌనంగా విని, బరువురాయి దగ్గర ఆపమన్నారు. పడుగు తెగకుండా, వదులు కాకుండా నిలవాలంటే ఆ రాయి ఎంత తూకం ఉండాలని అడుగుతున్నారు. ఉప్పాడ వారు దాన్ని ఎత్తి చూశారా అండి?