అద్దాల నడుమ అతివాహకత: మార్పు శూన్యానిదా, వేడిదా?

బరంపురం, అధ్యాపకుడు:
మా ఊరి క్షౌరశాలలో కూర్చుంటే ముందూ వెనుకా ఉన్న అద్దాలలో మన తల వరుసలు వరుసలుగా లోపలికి పోతూ కనిపిస్తుంది. కాంతిని అద్దాల మధ్య బంధించే ఆప్టికల్ కుహరమూ ఆ జాతిదే. కాకపోతే అద్దాల మధ్య దూరానికి సరిపడిన తరంగాలనే అది నిలవనిస్తుంది. దీపం ఆర్పివేసినా ఆ తరంగాల శూన్య కంపనాలు, అంటే కాంతి లేనప్పుడూ ఆగని సన్నని అదురు, మిగిలే ఉంటాయి కనుక, వాటితో ముడిపడిన పదార్థంలో అతివాహకత, అంటే నిరోధం లేకుండా కరెంటు పారే గుణం, మారితీరాలని నా వాదం. ప్లాస్మాన్ (లోహంలో ఎలక్ట్రాన్ల సామూహిక కంపనం) క్షేత్రంతో జతకూడిన రుబిడియం ఫుల్లరీన్ అనే అతివాహకం సందిగ్ధ ఉష్ణోగ్రత, అంటే ఏ ఉష్ణోగ్రతకు దిగువన అతివాహకత మొదలవుతుందో అది, 30 నుంచి 45 కెల్విన్‌కు పెరిగిందని ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ బృందం 2019లోనే ప్రకటించింది.

రాయగడ, పరిశోధక విద్యార్థిని:
మాస్టారూ, ఆ ప్రకటనలోనే ఇట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్ అనే మరో అతివాహకం సందిగ్ధ ఉష్ణోగ్రత 92 నుంచి 86 కెల్విన్‌కు దిగిందన్న సంగతిని మీరు వదిలేశారు. స్ట్రాన్షియం టైటనేట్‌పై ఒంటిపొర ఐరన్ సెలెనైడ్‌ను తీసుకుని 2018లో చేసిన గణనలో, ఎలక్ట్రాన్‌కూ ఫోనాన్‌కూ (స్ఫటికంలోని అణువుల కంపనానికీ) మధ్య బంధం బలపడినా ఆ కంపనం మెత్తబడిపోవడం వల్ల అతివాహకత పెరగలేదు. ఇక 2023లో ఇటలీలోని ట్రియెస్తే బృందం అద్దాలను జరిపి టాంటలం డైసల్ఫైడ్‌ను లోహ స్థితికీ అవాహక స్థితికీ మధ్య మార్చగలిగింది కానీ, దానికి వారు ఇచ్చిన వివరణలో వేడి మార్పిడికే పెద్దపీట ఉంది. అన్నం గిన్నె మీద మూత కొంచెం జరిపితే చల్లారే వేగం మారదా? ఉష్ణమాపకం అడుగు పలకకు అంటించి ఉంటే స్ఫటికం అసలు వేడి దానికి తెలియదు.

పర్లాకిమిడి, విశ్రాంత ఉపన్యాసకుడు:
అమ్మాయీ, వేడి సంగతి ఒప్పుకుంటాను. అయితే అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ బృందం ఇటీవలి ప్రయోగంలో అద్దాలే లేవు. హెక్సాగోనల్ బోరాన్ నైట్రైడ్ పలకే కుహరం. దాని పరారుణ కంపనాలు కింద ఉన్న సేంద్రియ అతివాహకంలోని కార్బన్ బంధాల కంపనంతో సరిపోలాయి, సంధితలం (రెండూ కలిసే తలం) వద్ద అతిద్రవ సాంద్రత, అంటే నిరోధం లేకుండా పారే ఎలక్ట్రాన్ల సాంద్రత, బాగా పడిపోయింది. శ్రుతి (కంపన పౌనఃపున్యం) కలవని రుథీనియం క్లోరైడ్‌ను పెట్టినప్పుడు ఆ తగ్గుదల కనిపించలేదు. వట్టి వేడే కారణమైతే ఈ తేడా ఎందుకు వస్తుంది?

రాయగడ, పరిశోధక విద్యార్థిని:
అది గట్టి సాక్ష్యమేనండీ, కాకపోతే తగ్గుదలకు. రుథీనియం క్లోరైడ్ వేరే పదార్థం కాబట్టి సంధితలంలో ఒత్తిడి, ఆవేశ మార్పిడి కూడా వేరే అయి ఉండవచ్చునన్న సందేహం నాకు మిగిలింది. బరువులో మాత్రమే తేడా ఉన్న బోరాన్ ఐసోటోపులలో బోరాన్ 10తో ఒక నైట్రైడ్ పలక, బోరాన్ 11తో మరొకటి పెడితే రసాయనం మారకుండా శ్రుతి మాత్రమే కొద్దిగా జరుగుతుంది. ఆ జరుగుడుకు తగ్గట్టు అతిద్రవ సాంద్రత కూడా కదిలితే, మాస్టారి వాదంలో సగం ఒప్పుకుంటాను. పెరుగుదల చూపిన రోజున మిగతా సగం.