‘పరిన్యస్తాలక’ అంటే ‘చెదిరిన ముంగురులు’ అని సరిపెట్టుకోవచ్చా?

సభ్యులందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఒక సమాసం దగ్గర ఆగిపోయాను. మీ ముందు పెడుతున్నాను.

భాగవతం ప్రథమ స్కంధంలో భీష్ముడి స్తుతి. అంపశయ్య మీద పడుకుని, ఎదురుగా నిలబడ్డ కృష్ణుణ్ణి చూస్తూ, యుద్ధంలో తాను చూసిన కృష్ణుణ్ణి తలుచుకుంటున్నాడు. పోతన పద్యం మనలో చాలామందికి నోటికి వచ్చినదే:

హయరింఖాముఖ ధూళిధూసర పరిన్యస్తాలకోపేతమై
రయజాత శ్రమ తోయబిందుయుతమై రాజిల్లు నెమ్మోముతో
జయముం బార్థున కిచ్చువేడ్క నని నా శస్త్రాహతిం జాల నొ
చ్చియుఁ బోరించు మహానుభావు మదిలోఁ జింతింతు నశ్రాంతమున్.

హయరింఖ అంటే గుర్రపు గిట్ట. గిట్టల కొసల నుంచి లేచిన దుమ్ముతో బూడిద రంగు తేలిన అలకలు, అంటే ఉంగరాల కురులు. అంతవరకు ఇబ్బంది లేదు. ‘పరిన్యస్తాలక’ దగ్గరికి వచ్చేసరికి ‘చెదిరిన ముంగురులు’ అని చెప్పి ముందుకు వెళ్లిపోతాం. అది తప్పు అనను. కానీ చెదరడంలో నష్టం ఉంది. బొట్టు చెదిరింది, గూడు చెదిరింది, కాపురం చెదిరింది అంటాం. సర్దుకున్నది ఏదో పాడైందన్నమాట. భీష్ముడికి ఇక్కడ పాడైనది ఏదీ కనిపించడం లేదు. దుమ్ము పట్టి, చెమట పట్టి, జుట్టు మీద పడ్డ ఆ ముఖాన్నే ‘రాజిల్లు నెమ్మోము’ అంటున్నాడు. దువ్వుకుని, పూలు పెట్టుకుని కొలువుదీరిన కృష్ణుణ్ణి ఆయన కోరుకోలేదు. తాను కొట్టిన బాణాలకు నొచ్చుకుంటూ కూడా రథం తోలుతున్న మనిషి కావాలి ఆయనకు. ఒళ్లు కదపలేని స్థితిలో ఆ ముసలాయన కళ్లలో మిగిలింది కదులుతున్న ముఖం.

నాకు ఈ పద్యం నేర్పింది మా నాన్న. నాన్న పద్యం చదువుతుంటే కృష్ణుడి ముఖం కాదు, నిజం చెప్తున్నాను, మా తమ్ముడి ముఖం కనిపించేది నాకు. వాడు మెడ దాకా జుట్టు పెంచాడు. సంక్రాంతి సెలవుల్లో ఊరి బయట బీడులో కబడ్డీ ఆడేవారు. కూతకు వెళ్లి, అవతలి వాళ్లు చుట్టుముట్టగానే ఒక్కసారి మెలి తిరిగేవాడు. ఒళ్లు ఇటు తిరిగాక అర క్షణం ఆలస్యంగా జుట్టు తిరిగేది. ఎర్రమట్టి పట్టిన జుట్టు ముఖాన్ని కొట్టి చెమటకు అంటుకునేది. పొట్టి క్రాపు ఉన్న మిగతా పిల్లలూ అంతే వేగంగా ఆడేవారు. కానీ వాడి వేగం మాత్రం కళ్లకు కనిపించేది. మగవాడి పొడుగు జుట్టులో అందం అదేనేమో అనుకుంటాను. ఊరికే వేలాడుతున్నప్పుడు అది జుట్టే. కదిలినప్పుడు మనిషి ఎంత బలంగా తిరిగాడో, ఎక్కడ ఆగాడో అది చెబుతుంది.

ఇంటికి రాగానే నాన్న, “ఆ జులపాలేంట్రా, మంగలి దగ్గరికి పోయి రా” అనేవారు. అదే నోటితో, అదే సాయంత్రం, హయరింఖాముఖ.

ఆ ‘జులపాలు’ మాట చూడండి. పారసీ ‘జుల్ఫ్’ ఉర్దూ మీదుగా మన దగ్గరికి వచ్చింది. ఉర్దూ కవిత్వంలో జుల్ఫ్ అంటే ప్రియురాలి కురులు, గుండెలు చిక్కుకునే వల. మన ఇళ్లల్లో మాత్రం అది తిట్టు అయింది. పక్కనే ‘జులాయి’ అనే మాట ఉండడం వల్ల కూడా ఆ వాసన అంటిందేమో. ‘ముంగురులు’ అంటే ముందరి కురులు, అంతే. అందులో ఆడా మగా లేదు. కానీ ఇవాళ అబ్బాయికి వాడితే నవ్వుతారు. మా తాతయ్యకు ముడి ఉండేది. ఆయన తరంలో దాన్ని తీసేసి క్రాపు చేయించుకోవడం తప్పు. మా తమ్ముడి కాలానికి క్రాపు వదిలి పెంచుకోవడం తప్పు.

సంస్కృత నిఘంటువు అమరకోశంలో ఒక చోట జుట్టు పేర్లు పక్కపక్కనే ఉన్నాయి: “అలకాశ్చూర్ణకుంతలాః”, వెంటనే “తే లలాటే భ్రమరకాః”, ఆపైన “కాకపక్షః శిఖండకః”. ఉంగరాలు తిరిగిన జుట్టు అలకలు. అవే నుదుటి మీదికి వస్తే భ్రమరకాలు. తుమ్మెదలన్నమాట, ఒక చోట నిలవనివి. చెంపల పక్క జుట్టు కాకపక్షం, కాకి రెక్క. విశ్వామిత్రుడు వచ్చి దశరథుణ్ణి అడిగింది ‘కాకపక్షధరుడైన’ రాముణ్ణే కదా. పేర్లు పెట్టిన వాళ్లు కదలికను చూసే పెట్టారనిపిస్తుంది నాకు. తుమ్మెద, రెక్క.

ఇక నా ప్రతిపాదన. తెలుగులో ‘రేగు’ అనే క్రియ ఉంది. దుమ్ము రేగింది అంటాం. జుట్టు రేగింది అంటాం. దుమ్ముకూ జుట్టుకూ ఒకే క్రియ! పద్యంలో కూడా దుమ్మూ జుట్టూ ఒకే సమాసంలో కలిసి ఉన్నాయి. మంట రేగుతుంది, కోపం రేగుతుంది. అందులో నష్టం కాదు, విసురు ఉంది. ‘గిట్టల దుమ్ము రేగి, దానితో పాటు రేగిన ముంగురులు’ అంటే పద్యానికి దగ్గరవుతుందని నా నమ్మకం. మీరేమంటారు?

కరీంనగర్ సభ్యుడు:
అక్కా, రేగుడు మాట మంచిగుంది. మా దిక్కు ఇంకొకటి ఉంది, శిగమూగుడు. కొమురవెల్లి మల్లన్న జాతరకు పోతే చూడొచ్చు, దేవుడు ఒంటి మీదికి వచ్చిన మనిషిని శిగమూగుతుండు అంటరు. డోలు దెబ్బకు తల ఊగుతుంటే, జుట్టున్న మనిషైతే చూస్తున్న మనకే ఒళ్లు జలదరిస్తది. ఇది సిగ ఊగుడా, శివం ఊగుడా? మా ఇంట్ల సిగ అనే అంటరు.

ఛందస్సు తరగతులు చెప్పే మాస్టారు:
అమ్మా, మీ భావం బాగుంది కానీ పదం ఒప్పుకోదు. న్యస్త అంటే ఉంచబడినది. న్యాసం, విన్యాసం, సన్న్యాసం అన్నీ ఆ కుటుంబమే. ‘పరి’ అంటే చుట్టూ. చుట్టూ పడి ఉన్న అలకలు అని అర్థం వస్తుంది తప్ప ఎగురుతున్నవి అని రాదు. సంస్కృత భాగవత మూలంలో కదలిక ఉంది. పోతన దాన్ని ఆపాడు. కాబట్టి రేగిన అనేది మీరు అదనంగా తెచ్చి పెడుతున్నది.

నా జవాబు:

అన్నా, ముందు నీ ప్రశ్న. శివమెత్తడం, శివమాడడం అనే వాడుకలు తెలుగులో ఉన్నాయి కాబట్టి శివం వైపే మొగ్గుతాను. వకారం గకారం కావడం కొత్త కాదు. పవడం, పగడం రెండూ మనవే. అయినా మీ ఇంట్లో సిగ అని ఎందుకు అనుకున్నారో ఊహించగలను. ఊగుతున్నప్పుడు కంటికి కనిపించేది సిగే కదా. మాట పుట్టుక ఒకటి, జనం దాన్ని పట్టుకున్న తీరు ఇంకొకటి. రెండూ రాసి ఉంచుకోవాలి.

మాస్టారూ, మీరు చెప్పాక మూలం తీసి చూశాను. ప్రథమ స్కంధం, తొమ్మిదో అధ్యాయం. “యుధి తురగరజో విధూమ్ర విష్వక్ కచ లులిత శ్రమవార్యలంకృతాస్యే”. విష్వక్ అంటే అన్ని వైపులా. లులిత అంటే కదిలి కలతపడినది. అన్వయం చూస్తే ఆ లులిత చెమటకు చేరుతుంది. దుమ్ముతో పొగ రంగు తేలి నలువైపులా పారుతున్న జుట్టు చెమటను ముఖమంతా పులిమింది, అదే అలంకారమైంది. ఎంత దగ్గర నుంచి చూసిన చూపో! జుట్టు, చెమట, దుమ్ము మూడూ ఒకే ముద్ద. పోతన దాన్ని విడదీశాడు. దుమ్మూ జుట్టూ మొదటి పాదానికి, వేగమూ చెమటా రెండో పాదానికి. న్యస్తకు ఎగరడం అనే అర్థం లేదన్నది నిజమే. ఆ మాట ఒప్పుకుంటున్నాను.

కానీ కదలికను పోతన ఆపేశాడని మాత్రం ఒప్పుకోలేను. మీరే గణాలు కట్టి చూడండి. మత్తేభం, స భ ర న మ య వ. మొదటి పాదంలో నగణం ‘సరప’. మూడూ లఘువులు, పరుగు. వెంటనే మగణం ‘రిన్యస్తా’. మూడూ గురువులు, బరువు. ఎగిరింది, పడింది. నాకు తమ్ముడి జుట్టు మెలి తిరిగి ముఖాన్ని కొట్టడం వినిపిస్తుంది అక్కడ. మత్తేభం ప్రతి పాదంలోనూ ఆ రెండు గణాలూ అక్కడే ఉంటాయి, నిజమే. కానీ జుట్టు మాటను సరిగ్గా ఆ మలుపు మీద కూర్చోబెట్టాడు చూశారా. ఇంకొకటి. యతి పద్నాలుగో అక్షరం. మొదటిది ‘హ’, పద్నాలుగోది ‘న్య’. న్య లోని యకారంతో హకారానికి యతి కుదిరింది. అంటే పాదం విరిగేది కూడా ఆ మాట నడుమే.

ఇదే భీష్మ స్తుతిలో, కృష్ణుడు చక్రం పట్టి రథం మీంచి దూకే ‘కుప్పించి యెగసిన’ పద్యంలో ఎక్కువ కదలిక ఉంది కదా అని ఎవరైనా అనొచ్చు. ఉంది. కుండలాల కాంతి ఆకాశాన్ని కప్పుతుంది, పచ్చని పటం జారుతుంది, జగత్తే కదులుతుంది. జుట్టు ప్రస్తావన మాత్రం లేదు. అది దూకుతున్న దేవుడి పద్యం. నగలూ బట్టా దూరం నుంచి కూడా కనిపిస్తాయి. చెమటకు అంటుకున్న వెంట్రుక కనిపించాలంటే దగ్గరికి రావాలి, లేదా మనసులో చాలాసార్లు చూసి ఉండాలి. భీష్ముడు ‘నశ్రాంతమున్’ అన్నాడు, విడవకుండా తలుచుకుంటానని.

ఛందస్సు మాస్టారు:
గణాల మాట కాదనలేను. అయితే ‘రేగిన’ ఒక్కటే పెట్టకండి. పడడం కూడా రావాలి.

నా జవాబు:

సరేనండి, వస్తుంది. నాన్న పద్యాల నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఈ పద్యం పక్కన ఆయన దస్తూరీలో ‘చెదిరిన ముంగురులు’ అని ఉంది. దాన్ని కొట్టెయ్యలేదు. కింద పెన్సిలుతో ‘రేగి, ముఖాన పడ్డ ముంగురులు’ అని రాశాను. ఆ పేజీ ఫోటో తీసి తమ్ముడికి పంపాను.