ఫ్రెండ్స్‌ని సాయం అడగాలంటే మొహమాటం, మీరెలా అడుగుతారు?

ప్రశ్న: పెద్దదానికి 4 ఏళ్లు, చిన్నోడికి ఏడాదిన్నర. సాయంత్రమైతే ఇల్లు సంతే. నిన్న వాడికి స్నానం చేయిస్తుంటే ఇది పౌడర్ డబ్బా మొత్తం సోఫా మీద గుమ్మరించి, "అమ్మా మంచు పడింది" అని ఒకటే గంతులు, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫ్రెండ్స్ ఇద్దరు "ఏం కావాలన్నా చెప్పవే" అంటూనే ఉంటారు, నాకే నోరు రాదు.

జవాబు 1: అలా అన్నవాళ్లకి ఏదో ఒకటి చెప్పాలండీ, లేకపోతే ఏం చేయాలో పాపం వాళ్లకీ తెలీదు. నేనైతే "బుధవారం 6 గంటలకి వచ్చి మా పెద్దాడితో అరగంట ఆడు, ఈలోపు చిన్నదాన్ని పడుకోబెట్టేస్తా" అని పని, టైమ్ రెండూ చెప్పేస్తా. వాళ్ల పిల్లల్ని ఆదివారం నేను చూస్తా. లెక్కలేం రాసుకోం.

జవాబు 2: చిన్నోడు మధ్యాహ్నం సరిగ్గా పడుకుంటున్నాడా? ఆ వయసులో పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. మా వాడికి ఓ గంట తగ్గినా సాయంత్రం శివాలే.

ప్రశ్న అడిగినావిడ: ఇప్పుడే ఒకావిడకి మెసేజ్ పెట్టా. "ఇన్నాళ్లకి అడిగావా తల్లీ" అంది! పౌడర్ మాత్రం సోఫా సందుల్లోంచి ఇంకా రాలుతూనే ఉంది.