58 మంది పిల్లల బడికి 40,000 రూపాయలు ఎట్లా పోగు చేయాలి?

అనంతపురం, కమిటీ సభ్యురాలు:
అందరికీ నమస్కారం. మాది అనంతపురం దగ్గర పల్లెలో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. 58 మంది పిల్లలు, 41 ఇళ్లు. ఖాళీగా ఉన్న ఒక గదిని పుస్తకాల గది చేయాలని తల్లిదండ్రుల కమిటీ తీర్మానం చేసింది. అంచనా ఇట్లా ఉంది: రెండు ఇనుప బీరువాలకు 20,000, 300 కథల పుస్తకాలకు 15,000, కింద పరిచే చాపలకు 5,000. ఎక్కువమంది కూలికి పోయేవాళ్లే, కొన్ని ఇళ్లవాళ్లు బెంగళూరులో ఉన్నారు. లక్కీ డ్రా పెడదామని కొందరు, ఉగ్గాని బజ్జీ అంగడి పెడదామని ఇంకొందరు అంటున్నారు. ఏది మేలు? డబ్బు ఎవరి దగ్గర ఉండాల?

కర్నూలు, లెక్కలు చూసే మనిషి:
అక్కా, లక్కీ డ్రా మాట వదిలేయండి. టికెట్ అమ్మి బహుమతి ఇస్తే అది లాటరీ కిందికే వస్తుంది, భారతీయ న్యాయ సంహిత 297 సెక్షన్ దానిమీదే ఉంది. బడి పేరుతో చేసినా మినహాయింపు లేదు.

ఇంటికి ఇంత అని కూడా వేయొద్దు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 8వ తరగతి వరకు చదువు ఉచితం. ఇష్టంతో ఇచ్చేదే తీసుకోవాల. ఇవ్వనివాళ్ల పేర్లు బోర్డు మీద గానీ వాట్సాప్ గ్రూపులో గానీ రానే కూడదు. ఆ ఇంటి పిల్లోడు మరుసటి రోజు బడికి రావడానికి సిగ్గుపడతాడు.

డబ్బు కమిటీ ఖాతాలోకే పోవాల, ఇద్దరి సంతకాలు ఉంటేనే బయటికి రావాల. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, తొందరకు ఎవరో ఒకరి సొంత ఫోన్‌పే క్యూఆర్ గోడకు అంటిస్తారు. పదిరోజుల్లో వాళ్ల ఇంటి డబ్బు, బడి డబ్బు కలిసిపోతాయి. మనిషి నిజాయితీపరుడే అయినా లెక్క తేలదు, ఊర్లో మాట పుడుతుంది. నంబర్లు అచ్చేసిన రసీదు పుస్తకం ఒక్కటే పెట్టండి. చెడిపోయిన రసీదును చింపేయకుండా అడ్డగీత గీసి, కౌంటర్‌ఫాయిల్‌తోనే ఉంచండి. ప్రతి నెల మొదటి శనివారం వచ్చింది, పోయింది, మిగిలింది ఒక కాగితం మీద రాసి బడి గోడకు పెట్టండి.

కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలని చట్టమే చెప్తుంది. కాబట్టి సంతకం పెట్టే ఇద్దరిలో ఒక తల్లి ఉంటే మంచిది.

అనంతపురం, వంట సంగతి తెలిసిన అక్క:
ఉగ్గాని అంగడి పెట్టొచ్చు, కానీ దాంతోనే 40,000 వస్తుందనుకోవద్దు. 150 ప్లేట్లకు లెక్క చెప్తా, రాసుకోండి. బొరుగులు 10 కిలోలు, ఎర్రగడ్డలు 4 కిలోలు, పుట్నాలు 1 కిలో, నిమ్మకాయలు 40. ప్లేటుకు రెండు బజ్జీలంటే 300 మిరపకాయలు, శనగపిండి 5 కిలోలు. తాళింపుకూ బజ్జీలకూ కలిపి నూనె 7 లీటర్లు. ప్లేటు 40కి అమ్మితే 6,000 వస్తుంది. సరుకులు, గ్యాసు, ప్లేట్లకు సుమారు 3,000 పోతుంది. బొరుగులు ఒక ఇల్లు, నూనె ఇంకో ఇల్లు ఇట్లా పంచుకొని తెస్తే ఆ 3,000 కూడా మిగులుతుంది.

చెడేది ఎక్కడంటే నానబెట్టేకాడ. పది కిలోలూ ఒకేసారి తడిపితే కింది బొరుగులు ముద్దయిపోతాయి. రెండేసి కిలోలు నీళ్లలో ముంచి, మెత్తబడగానే గట్టిగా పిండి తీయాల. పుట్నాల పొడి పొయ్యి దించినాకనే చల్లాల, వేడిమీద వేస్తే అతుక్కుంటుంది. చాలా బొరుగుల్లో ముందే ఉప్పు ఉంటుంది, నోట్లో వేసుకొని చూసి తాళింపులో ఉప్పు తగ్గించండి. బజ్జీల పిండి కూడా వాయికింత కలుపుకోండి. ముందే కలిపి పెడితే జారుడవుతుంది, నూనె తాగుతుంది.

ఉదయం 7 నుంచి 9.30 దాకానే అమ్మకం. ఆ తర్వాత ఎంత బాగున్నా పోదు. సంతలో పెడితే ఆశీలు, అంటే సంతలో అంగడికి కట్టే రుసుము, ఎంతో ముందే కనుక్కోండి. వినాయక చవితి నెలలో మాత్రం వద్దు, ఆ నెల ప్రతి వీధిలోనూ చందా పుస్తకం తిరుగుతూ ఉంటుంది.

అనంతపురం, కమిటీ సభ్యురాలు:
చాలా మేలు చేశారు అక్కా, అన్నా. పాత విద్యార్థులను అడగాలని ఉంది. ఒకాయన అమెరికాలో ఉన్నాడు, పంపుతానంటున్నాడు. తీసుకోవచ్చా?

కడప, రిటైర్డ్ టీచరు:
అమ్మా, ముందు ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పాస్‌పోర్టే అయితే, ఆయన సొంత డబ్బు బ్యాంకు ద్వారా తీసుకోవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకొని ఉంటే, భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, 2010 ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం కింద అది విదేశీ విరాళమే. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా మీ కమిటీ దాన్ని తీసుకోకూడదు. ఆయన మనసు నొప్పించకుండా ఇదే కారణం చెప్పండి.

అసలు డబ్బు వచ్చేది పాత విద్యార్థుల దగ్గరే. అయితే "ఏమైనా సాయం చేయండి" అంటే ఎవరూ కదలరు. అంచనాను ముక్కలు చేయండి: ఒక బీరువా 10,000, 30 పుస్తకాల కట్ట 1,500. అట్లాంటి కట్టలు పది. ఒక్కో బ్యాచ్‌కు ఒక బీరువా అప్పగించండి. బెంగళూరులో ఉండే మీవాళ్లు ఐదుగురు తలా 300 వేసుకుంటే ఒక కట్ట వస్తుంది. ఇచ్చినాక ఆ కట్ట ఫోటో వాళ్లకు తప్పకుండా పంపండి, మరుసటి ఏడు మళ్లీ అడగడానికి అదే దారి.

అంగళ్లవాళ్లను డబ్బు కంటే వస్తువే అడగండి. పన్ను మినహాయింపు వస్తుందని మాత్రం చెప్పొద్దు. దానికి ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు లేని కమిటీ ఇచ్చిన రసీదు పనికిరాదు. 2021లో కేంద్రం తెచ్చిన విద్యాంజలి పోర్టల్‌లో హెడ్‌మాస్టరు బడి యూడైస్ కోడ్‌తో (ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే నంబరు) చేరి, దాతలు చూసేలా బడికి కావలసినవి పెట్టొచ్చు. అక్కడ నగదు ఉండదు, వస్తువులు, సేవలు మాత్రమే. "బీరువా" అని ఒక్కమాట రాస్తే చూసి పోతారు. ఎత్తు, అరలు ఎన్ని, తాళం కావాలా, బండి బడిదాకా వస్తుందా అన్నీ రాయండి.

పుస్తకాలకు నేషనల్ బుక్ ట్రస్ట్, "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థల జాబితాలు తెప్పించుకోండి. దాతల ఇళ్లలోని పాత గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలు దయచేసి తీసుకోవద్దు. బీరువా నిండుతుంది గానీ మూడో తరగతి పాప చదివేది ఒక్కటీ ఉండదు.

కర్నూలు, లెక్కలు చూసే మనిషి:
ఒకటి మరిచినా. పాత కాగితం పోగుచేసి అమ్మడం కూడా చూడండి. పల్లెలో పేపరు తెప్పించుకునే ఇళ్లు తక్కువ, అందుకని టౌనులో బ్యాంకులు, ట్యూషన్ సెంటర్లను అడగాల. న్యూస్‌పేపరు, నోటుపుస్తకాలు, అట్టలు వేర్వేరుగా కట్టండి. కలిపి ఇస్తే మొత్తానికీ అట్టల రేటే కడతారు. తడిస్తే తూకంలో కోత పెడతారు, కాబట్టి వానకాలం వద్దు, ఫిబ్రవరి, మార్చి నెలలు బాగుంటాయి. ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ల దగ్గర రేటు అడిగి, కట్టలు ముందే మన కాటా మీద తూచి పెట్టుకోండి.