ఫినాయిల్ వాసనకి తల గోడకేసి కొట్టుకుంటున్నాడు: ఆటిజమా, భయమా?

స్పెషల్ టీచర్, గోపాలపట్నం:
బాబుకి 11 ఏళ్లు. ఆటిజం సర్టిఫికెట్ ఉంది. ఓ పది మాటలు వస్తాయి. ఇల్లు ఆర్.ఆర్. వెంకటాపురం. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖ ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైనప్పుడు నిద్రలోంచి ఎత్తుకుని పరుగెత్తారట, అప్పటికి ఐదారేళ్లవాడు. రెండు నెలలుగా తల గోడకేసి కొట్టుకుంటున్నాడు, మణికట్టు కొరుక్కుంటున్నాడు. ఎక్కువగా గది తుడిచే వేళకే. ఆపబోతే ఇంకా ఎక్కువ. "గుంటడికి మొండి ఎక్కువైపోనాది" అంటోంది నాయనమ్మ. ఇది ఆటిజమా, ఆనాటి భయమా? అలా కొట్టుకునే పది నిమిషాలూ ఏం చెయ్యాలి? మందు వేయించాలా?

సైకాలజిస్టు, ఎం.వి.పి. కాలనీ:
రెండూ కలిసే ఉంటాయి మేడమ్. ఏది ఎంతో తేలేదాకా ఆగక్కర్లేదు. ముందు నొప్పి సంగతి చూడండి. కొత్తగా మొదలైంది కాబట్టి పిప్పిపన్ను, చెవిపోటు, మలబద్ధకం ఉన్నాయేమో చూపించకుండా ఇంకేదీ మొదలెట్టొద్దు.

తర్వాత రెండు వారాలు నోటుబుక్కులో రాయండి. "గోల చేశాడు" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. ఇలా ఉండాలి: "10:40. ఆయా ఫినాయిల్ బకెట్ తెచ్చింది. ముక్కు మూసుకున్నాడు. తలుపు వైపు లేచాడు. చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. మణికట్టు కొరుక్కున్నాడు, తల ఆరుసార్లు కొట్టుకున్నాడు. బయటికి తీసుకెళ్లాం. 4 నిమిషాలకి తగ్గింది." చూడండి, తల గోడకి తగలకముందే బాబు రెండుసార్లు చెప్పాడు, ముక్కు మూసుకుని ఒకసారి, లేచి ఒకసారి. చెయ్యి పట్టుకున్నాకే మూడోది వచ్చింది. మీరు కదలాల్సింది ముక్కు మూసుకున్నప్పుడే.

రాతపని ఎగ్గొట్టడానికేనా అని అనుమానం ఉంటే, ఫినాయిల్ లేని రోజు అదే పని ఇచ్చి చూడండి. అప్పుడూ లేస్తుంటే పని సగానికి తగ్గించండి. పరీక్షించడానికని ఫినాయిల్ మాత్రం తేకండి.

ఆక్యుపేషనల్ థెరపిస్టు, మద్దిలపాలెం:
ఫినాయిల్ రేపే ఆపించండి. బడి వదిలాక సబ్బునీళ్లతో తుడిస్తే చాలు. బాబుని తలుపు దగ్గర కూర్చోబెట్టండి, తలుపు తెరిచే ఉండాలి.

గుమ్మం బొమ్మతో "బయటికి" అని కార్డు చేసి బల్లకి తగిలించండి. నెమ్మదిగా ఉన్న వేళ రోజుకి పదిసార్లు నేర్పండి: కార్డు ఇవ్వగానే ఐదు సెకన్లలో బయటికి, రెండు నిమిషాలు తిరిగి లోపలికి. ఎక్కువగా చెడేది ఇక్కడే, "ఈ లైను రాసేసి వెళ్లు" అంటారు. కార్డుతో పని జరగకపోతే తల కొట్టుకుంటేనే జరుగుతుందని నేర్చుకుంటాడు. మొదటి వారం మాటిమాటికీ ఇస్తాడు, ఇవ్వనివ్వండి.

మొదలైపోయిందా, మాట్లాడేది ఒక్కరే ఉండాలి. "నేనున్నా", "బయటికి", అంతే. చేతికి అందనంత దూరంలో, పక్కగా, కిందకి కూర్చోండి. మిగతా పిల్లల్ని బయటికి పంపండి, ఈ బాబుని కాదు. తలకీ గోడకీ మధ్య దిండు పెట్టండి. బోర్లా పడుకోబెట్టి అదమడం ఎన్నడూ వద్దు, ఊపిరాడక ప్రాణం పోవచ్చు. గదిలో పెట్టి గడియ వెయ్యడమూ వద్దు. ఆ రోజు ఇల్లు విడిచి పరుగెత్తబట్టే వాడు బతికాడు, మూసిన తలుపు వాడికి ఏం చెబుతుందో ఆలోచించండి. తగ్గాక ముప్పావుగంట ఏ పనీ చెప్పొద్దు, మంచినీళ్లివ్వండి. పది నిమిషాలకే పుస్తకం తెరిస్తే మళ్లీ మొదలవుతుంది.

స్పెషల్ టీచర్, గోపాలపట్నం:
రాత్రి మూడింటికి లేచి చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడతాడట. నాయనమ్మ కేకలేస్తే ఏడుస్తాడట.

పిల్లల మానసిక వైద్యుడు:
ఆ గ్యాస్ వచ్చింది ఇంచుమించు ఆ వేళకే. చెప్పులు విప్పమనొద్దని చెప్పండి. లైటు వేసి, తలుపు తీసి, బయట గాలి బాగానే ఉందని చూపించి లోపలికి తేవాలి, రోజూ అదే మాటతో. నిద్రలో బిగుసుకుపోవడం, పక్క తడపడం ఉంటే మూర్ఛేమో చూపించండి.

ఇక మందు. ఆటిజం పిల్లల్లో తీవ్రమైన చిరాకుకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. 2006లో రిస్పెరిడాన్‌ని, 2009లో అరిపిప్రజోల్‌ని అనుమతించింది. ఇవి ఉద్రేకాన్ని తగ్గిస్తాయి, భయాన్ని మాన్పవు. ఆకలి, బరువు పెరుగుతాయి. మొదలెట్టేముందు బరువు, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ చూడాలి, తర్వాత నెలనెలా బరువు. సొంతంగా ఆపెయ్యకూడదు. పైన చెప్పినవన్నీ చేసినా గాయాలవుతుంటే నోటుబుక్కు పట్టుకుని చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకి వెళ్లండి. దెబ్బ తగిలాక వాంతులు, మగత ఉంటే ఆగకుండా కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) క్యాజువాలిటీకి.

అన్నీ 2020 ఖాతాలో వెయ్యకండి. రెండు నెలల కిందట ఏం మారింది? కొత్త మనిషెవరైనా వచ్చారా? ఒకరిని చూస్తేనే బెదిరినా, బట్టలు మార్చనివ్వకపోయినా లైంగిక హింస జరిగిందేమో ఆలోచించాలి. అనుమానం ఉంటే పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కీ ఫోన్ చెయ్యొచ్చు. బాబుని మాత్రం గుచ్చిగుచ్చి అడగొద్దు.

స్పెషల్ టీచర్, గోపాలపట్నం:
ఇప్పుడే కనుక్కున్నా సార్. మనుషులెవరూ మారలేదు, ఫినాయిల్ మారింది. ఇదివరకు తెల్లది, రెండు నెలలుగా నల్లది, ఘాటు బాగా ఎక్కువ. ఆ డబ్బా బయట పెట్టించాను. పన్ను, చెవి రేపు చూపిస్తాం.